అమెరికా బడి, అమ్మ బండి

మొన్న ఆఫీసులో నా ఇనప బీరువా తలుపు తీయగానే గుప్పున ఆవకాయ వాసన కొట్టింది. పక్క సీటావిడకి ఇద్దామని తెచ్చిన సీసా మూత వదులై నూనె కింది అరలోకి కారింది. ఫైళ్ళు తడిసినందుకు విసుక్కోవాల్సింది. కానీ వేడెక్కిన ఇనుము, ఆవపిండి, నూనె కలిసిన ఆ వాసన నేను జన్మలో ఇంకొక్కచోటే పీల్చాను. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏమైందని ఆవిడ అడిగితే నేను చదువుకున్న బడి గుర్తొచ్చిందన్నాను. ఆవకాయకీ బడికీ సంబంధమేమిటో ఆవిడకి అర్థం కాలేదు. చెప్పాలంటే చాలా ఉంది.

ఆ బడి బహ్రెయిన్‌లో ఉండేది. బయటి గోడలు ఇసక రంగు, గేటు ముందు దుమ్ము పట్టిన ఖర్జూరం చెట్లు. లోపల అడుగుపెడితే మాత్రం అమెరికా. నున్నగా తుడిచిన పొడవాటి వసారా, దానికి రెండు పక్కలా వరసగా నీలం రంగు లాకర్లు, ఒక్కో పిల్లకీ ఒక్కో తాళం. భోజనాల హాల్లోంచి ఎప్పుడూ కరిగిన చీజు వాసన వచ్చేది. ఓడల మీద పనిచేసేవాళ్ళ పిల్లలు, చమురు కంపెనీల వాళ్ళ పిల్లలు, బ్యాంకుల వాళ్ళ పిల్లలు, ఇరవై ముప్పై దేశాల వాళ్ళం అక్కడ చేరాం. ఏటా ఎండాకాలం రాగానే సగం మంది సామాను సర్దుకుని వెళ్ళిపోయేవారు. సెలవులయ్యాక అంతమంది కొత్తవాళ్ళు దిగేవారు. అందుకని అక్కడ ఎవరూ ఎవర్నీ కొత్తవాళ్ళని వింతగా చూసేవారు కాదు.

నన్ను మాత్రం మొదటి వారం చూశారు. గోదావరి జిల్లాలో తొమ్మిదో తరగతి దాకా చదివి వెళ్ళినదాన్ని, టీచరు లోపలికి రాగానే చటుక్కున లేచి నిలబడేదాన్ని. క్లాసులో నేనొక్కదాన్నే. టీచరేమో బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతూ పాఠం చెప్పేవాడు. తప్పు జవాబు చెప్పినా మంచి ప్రయత్నం అనేవాడు. మా ఊళ్ళో అలాంటి ప్రయత్నాలకి అరచెయ్యి వాచేది. నిలబడే అలవాటు పోవడానికి నెల పట్టింది.

అంత పెద్ద బళ్ళో నాకు చోటు దొరకడానికి కారణం మా నాన్న. ఆ బడికి రెండు పసుప్పచ్చ బస్సులుంటే ఒకటి ఆయన నడిపేవాడు. పనివాళ్ళ పిల్లల్లో పరీక్ష నెగ్గిన ఒకరికి ఫీజు లేకుండా చెప్తారని తెలిసి, ఆ కాయితం ఎవరి చేతో చదివించుకుని, పట్టుబట్టి నా చేత పరీక్ష రాయించింది అమ్మ.

మేము ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక రొట్టెల కొట్టు మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. తెల్లారేసరికి పొయ్యిలోంచి రొట్టెల వాసన మెట్లెక్కి మా మంచాల దాకా వచ్చేది. నాన్న వెళ్ళి వేడివేడిగా నాలుగు తెచ్చేవాడు. అమ్మ వాటిలో కందిపచ్చడి రాసి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి చుట్టి ఇచ్చేది. అది తింటూ కిందికి దిగితే నాన్న బస్సు ఉండేది. అందరికన్నా ముందు ఎక్కేదాన్ని, అందరికన్నా చివర దిగేదాన్ని. బస్సెక్కాక నాన్న వేరే మనిషి. చొక్కా లోపలికి దోపుకుని, ముఖం బిగించి, అందరు పిల్లలకీ చెప్పినట్టే నాకూ “గుడ్ మార్నింగ్” చెప్పేవాడు. “గుడ్ మార్నింగ్ సర్” అనేదాన్ని. ఇద్దరం నవ్వకుండా కళ్ళు తిప్పుకునేవాళ్ళం.

రెండో బస్సు నడిపే ఆయన నిజామాబాద్ వైపు ముస్లిం. నేను చాచా అని పిలిచేదాన్ని. బహ్రెయిన్‌లో పన్నెండేళ్ళుండి కూడా ఇంటికి ఉత్తరం రాస్తే దుబాయి నుంచి అనే రాసేవాడు. మా ఊరివాళ్ళకు ఇదంతా దుబాయే, వేరే పేరు రాస్తే నా కొలువు పోయిందనుకుంటరు అనేవాడు.

ఇక ఆవకాయ సంగతి. నా పక్క లాకరు పిల్లకి ముఖం నిండా గోధుమ రంగు చుక్కలుండేవి. వాళ్ళ నాన్న ఓడ మీద ఉండేవాడు. ఒకరోజు నా పెరుగన్నంలోని ఆవకాయ బద్ద నోట్లో వేసుకుని కళ్ళమ్మట నీళ్ళు కార్చుకుంటూ హాలంతా పరిగెత్తింది. మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ తర్వాత రోజూ అడిగింది. ప్రతిరోజూ మోయలేక ఇద్దరం కలిసి ఒక గాజు సీసా నిండా తెచ్చి నా లాకరు పై అరలో దాచాం. ఆమె తెచ్చే వేరుసెనగ ముద్ద పూసిన బ్రెడ్డు మధ్యలో ఆవకాయ పెట్టుకుని తినేవాళ్ళం. ఇప్పటికీ అంత రుచైనది తిన్నట్టు గుర్తులేదు.

అక్టోబరులో ఒకరోజు వసారాలో ఏసీ చెడిపోయింది. ఇనప లాకర్లు పెనాల్లా కాగాయి. సీసా ఎప్పుడు పక్కకి ఒరిగిందో గాని, నూనె అర సందుల్లోంచి జారి, కింద లాకర్లో బాస్కెట్‌బాల్ ఆడే పన్నెండో తరగతి అబ్బాయి కొత్త బూట్లలోకి దిగింది. ప్రిన్సిపాల్ గారు రెండ్రోజులపాటు ముక్కు పైకెత్తి వసారా అంతా తిరిగారు. ఎలక చచ్చిందని ఒకరు, వైరు కాలిందని ఒకరు అన్నారు. మూడోరోజు ఆ అబ్బాయి బూట్లు వేసుకుని మంటెక్కి గంతులేశాక, ఇద్దరం వెళ్ళి ఒప్పుకున్నాం. మూడు సాయంత్రాలు బడి అయ్యాక ఉండిపోవాలని శిక్ష వేశారు. ఆ పిల్లకి లైబ్రరీ దుమ్ము పడింది. నాకు డ్రైవింగ్ మేడం కారు కడిగే పని పడింది.

ఆ బళ్ళో లెక్కలు, సైన్సు లాగే కారు నడపడం కూడా ఒక పాఠం. పదహారేళ్ళు రాగానే దానికో పుస్తకం, పరీక్ష, మార్కులు. బళ్ళో నేర్చుకున్నా ఆ దేశంలో పద్దెనిమిదేళ్ళు నిండందే లైసెన్సు రాదు, అయినా అమెరికా బడి కాబట్టి చెప్పేవారు. ఆ పాఠం చెప్పే మేడం మంచి పొడగరి, మగవాళ్ళలా పొట్టి జుట్టు, మెళ్ళో ఎప్పుడూ ఈల. పాఠం కారు తెల్లగా ఉండేది. గేర్లు మార్చే పని లేదు. మేడం కూర్చునే కుడి వైపు కూడా ఒక బ్రేకు ఉండేది. మా అమ్మ పనిచేసేది ఆ మేడం ఇంట్లోనే. వాళ్ళ రెండున్నరేళ్ళ పిల్లాణ్ణి, నేనింకా మన ఊళ్ళో చదువుతున్నప్పటి నుంచీ, పురిట్లోంచి అమ్మే పెంచింది. వాడు పాలరాతి బొమ్మలా ఉండి “అమ్మా, పప్పు” అనేవాడు. వాడికి నెయ్యి వేసిన పప్పన్నం తప్ప ఇంకేదీ దిగేది కాదు.

ఆ రోజుల్లోనే మేడం వాళ్ళు కొత్త సంవత్సరం నుంచి జల్లాఖ్‌లో సముద్రం ఒడ్డున ఇల్లు తీసుకున్నారు. మా ఇంటి నుంచి అక్కడికి సరైన బస్సు లేదు. నాన్నకి ఉదయం అయిదింటికే డ్యూటీ. మేడం అమ్మతో ఒక మాట అంది. వాళ్ళింట్లో ఒక పాత చిన్న కారు ఊరికే పడి ఉంది, నువ్వు నడపగలిగితే అది తీసుకుని రోజూ రావచ్చు, లేకపోతే వేరే మనిషిని చూసుకోవాలి అని. అమ్మ ఆ పూట అన్నం దగ్గర నాన్నని అడిగింది, నాకు నేర్పుతారా అని. నాన్న పొలమారేదాకా నవ్వాడు. గరిటె తిప్పడమనుకున్నావా స్టీరింగంటే అన్నాడు. అమ్మ ఆయన కంచంలో ఇంకొంచెం కూర వేసింది. కానీ ఆ రోజు మేడం ఇంటి నుంచి తెచ్చిన పిల్లాడి చొక్కాలు మడత పెడుతూ ఒకే చొక్కాని మూడుసార్లు మడతపెట్టడం నేను చూశాను.

నా శిక్ష మూడోరోజున అమ్మ పిల్లాణ్ణి మేడానికి అప్పగించడానికి బడికొచ్చింది. నేను కారు పైన సబ్బు రుద్దుతుంటే, లోపలి అద్దం నేను తుడుస్తానంటూ డ్రైవరు సీట్లో కూర్చుంది. అద్దం తుడవడం అయిపోయింది. అమ్మ దిగలేదు. గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఆనించింది. పిల్లాడి తల నిమిరినట్టు నిమిరింది. చెప్పులు వదిలేసిన పాదాలు కింద ఏదో వెతుక్కుంటున్నాయి. వెనక నుంచి మేడం వచ్చి నిలబడడం నేను కూడా చూడలేదు. ఆవిడ నవ్వలేదు. శుక్రవారం పొద్దున బళ్ళో ఎవరూ ఉండరని, పార్కింగ్ అంతా ఖాళీ అని మాత్రం చెప్పింది. నేను తెలుగులో చెప్పకముందే అమ్మకి అర్థమైంది.

శుక్రవారాలు నాన్న మా వైపు వాళ్ళుండే క్యాంపుకి పేకాటకీ కోడికూరకీ వెళ్ళేవాడు. మేడం దగ్గర పనుందని అమ్మ చెప్పేది. అబద్ధం కాదు. సెలవురోజు గేటు తాళాలు చాచా దగ్గరుండేవి. మొదటిరోజు మమ్మల్ని చూసి గేటు తీసి, కారునీ అమ్మనీ మార్చి మార్చి చూశాడు.

“నేనేం చూడలే భాభీ. నాకేం తెల్వది. కాని గోడ దిక్కు పోనియ్యకుండ్రి, గోడ కట్టినోడు నా దోస్తు.”

అమ్మ సంచిలోంచి నిమ్మకాయ తీసి ముందు చక్రం కింద పెట్టింది. ఎందుకని మేడం అడిగితే కారుకి దిష్టి తగలకుండా అని చెప్పాను. ఆవిడ తీవ్రంగా ఆలోచించి, రెండో చక్రానికి వద్దా అంది. నేను వెనక సీట్లో పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఇంగ్లీషుని తెలుగు చేసేదాన్ని. మొదటి వారం కారు కప్పలా గెంతింది. రెండో వారం అమ్మ మలుపు దగ్గర స్టీరింగ్ వదిలేసి కొంగు సర్దుకుంది. మేడం తన వైపు బ్రేకు తొక్కి, కొంగు ముడి వేసుకుని మరీ ఎక్కాలనే కొత్త నియమం పెట్టింది. నేను ప్రతి మలుపులోనూ “మెల్లిగా, మెల్లిగా” అంటుంటే పిల్లాడికి ఆ మాట భలే నచ్చింది. వాడూ చేతులు చాచి అదే మాట.

ఇంట్లో నేను డ్రైవింగ్ పుస్తకం పైకి చదువుకునేదాన్ని. అమ్మ చేపలు కడుగుతూ వినేది. ముందు వెళ్ళే బండికీ మనకీ ఎంత ఎడం ఉండాలని నాలో నేను అనుకుంటుంటే పొయ్యి దగ్గర్నుంచి జవాబొచ్చేది. ఆ పరీక్షలో నాకొచ్చిన మార్కుల్లో సగం అమ్మవే.

డిసెంబరు మొదట్లో ఒకరోజు మేడానికి ఏదో పనిబడి పిల్లాణ్ణి మా ఇంట్లో వదిలింది. నాన్న వాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని కంచం స్టీరింగ్‌లా తిప్పుతూ బస్సాట ఆడిస్తున్నాడు. వాడు నాన్న చేతిలోంచి కంచం లాక్కుని, అమ్మ వైపు వేలు చూపించి, “అమ్మ కారు! మెల్లిగా, మెల్లిగా” అన్నాడు. నాన్న నవ్వాడు. వాడు మళ్ళీ అన్నాడు. నాన్న నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆ చూపుతో ఆయనకి అంతా తెలిసిపోయింది.

కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. కంచం తీసుకుని దాని అంచు తడిమాడు.

“ఇరవై ఏళ్ళ నుంచి బండి తోలుతున్నాను. నా పెళ్ళానికి ఇంకోళ్ళు నేర్పేరంటే నేనెందుకు?” అన్నాడు.

“ముందు మిమ్మల్నే అడిగేను కదండీ. నవ్వేరు” అంది అమ్మ.

అంతే. దెబ్బలాట లేదు, ఏడుపు లేదు. రెండ్రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాట లేదు. నాన్న బస్సులో గుడ్ మార్నింగ్ చెప్పినప్పుడు నా కళ్ళలోకి చూసేవాడు కాదు. అమ్మ పాఠం మానేస్తుందేమోనని నాకు దిగులు. జల్లాఖ్‌కి వేరే మనిషి వెళ్తే ఆ పిల్లాడు పప్పు ఎవర్నడుగుతాడని ఇంకో దిగులు.

శుక్రవారం పొద్దున్నే అమ్మ చీర కట్టుకుని కొంగు ముడేసుకుంది. నాన్న పేకాట లాల్చీ వేసుకోలేదు. డ్యూటీ చొక్కా వేసుకుని, లోపలికి దోపుకుని మాతోపాటు మెట్లు దిగాడు. ఎక్కడికని అమ్మ అడగలేదు. బడి గేటు దగ్గర చాచా ఆయన్ని చూసి తాళంచెవి కింద పడేసుకున్నాడు. నాన్న వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు. అమ్మ కారు కదిపింది. రెండు చుట్లు ఆయన ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. మూడో చుట్టులో అమ్మ వెనక్కి పోనివ్వడం మొదలుపెట్టగానే ఇక ఉండలేక, ఎడమకి, కాదు, కుడి, ఆగు, ఆగు అంటూ సీట్లోంచి లేచిపోయాడు. మేడం ఈల ఊదింది. తన కార్లో వెనక కూర్చున్నవాళ్ళు మాట్లాడకూడదని, ఆ సంగతి మీ నాన్నకి మర్యాదగా చెప్పమని నాతో అంది. చెప్పాను. నాన్న బుద్ధిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పిల్లాడు కూడా నోటికి చెయ్యి పెట్టుకున్నాడు. ముందు సీట్లో అమ్మ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని అద్దంలో కనిపించింది.

ఆ దేశంలో మాకు పూచీ పడ్డ కఫీల్ బడే కాబట్టి, లైసెన్సు కాయితాలకి మేడం వెళ్ళి ప్రిన్సిపాల్ గారి సంతకం తెచ్చింది. సంతకం పెడుతూ ఆయన, ఆవకాయ పిల్ల వాళ్ళమ్మేనా అని అడిగారట. పరీక్ష రోజు అమ్మ రోడ్డు మీద చక్కగా నడిపింది. రెండు డ్రమ్ముల మధ్యకి వెనక్కి పెట్టమంటే ఒక డ్రమ్ము పడగొట్టింది. పోలీసాయన “ఖలాస్” అని మళ్ళీ రమ్మన్నాడు. అమ్మ వచ్చి మా పక్కన బెంచీ మీద కూర్చుని, తనవల్ల కాదేమో అంది. అంత నీరసంగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మేడం వాళ్ళు ఇల్లు మారడానికి వారం కూడా లేదు. నాన్న డ్రమ్ముల వైపు వేలు చూపించాడు.

“ఇవాళ్టి నుంచి రివర్సు నేను చెప్తాను. లారీ సందులో పెట్టినోణ్ణి. అద్దం చూసుకోవాలి, మెడ తిప్పకూడదు.”

“నవ్వకుండా చెప్తారా?”

“నవ్వను.”

నవ్వలేదు. బస్సు డ్యూటీ అయ్యాక రోజూ గంటసేపు, బడి వంటింటి వెనక నుంచి రెండు నూనె డబ్బాలు తెచ్చిపెట్టి, చాచాని ఒక డబ్బా పక్కన నిలబెట్టి నేర్పాడు. చాచా దేవుణ్ణి తలుచుకుంటూ నిలబడేవాడు. నాన్న ఒక్కోసారి కారు వెనకవైపు నిలబడి, వెనక్కి నడుస్తూ, చేతులు ఊపుతూ, పెద్ద ఓడని రేవుకి తెస్తున్నట్టు అమ్మని పిలిచేవాడు. చుక్కల పిల్లా నేనూ మెట్ల మీద కూర్చుని బ్రెడ్డు తింటూ చూసేవాళ్ళం. డబ్బా తగలకుండా కారు లోపలికి వెళ్ళిన ప్రతిసారీ ఆ పిల్ల లేచి నిలబడి, మా బడి ఆటల్లో గోలు పడితే పాడే పాట మొత్తం పాడేది. తెలుగు ఒక్క ముక్క రాదు గాని, ఆ వారంలో ఎడమ, కుడి, చాలు అనే మూడు మాటలు నేర్చుకుంది.

రెండోసారి అమ్మ కారుని డ్రమ్ముల మధ్య కత్తి ఒరలో పెట్టినట్టు పెట్టింది. పోలీసాయన “మబ్రూక్” అని అభినందించి కాయితం ఇచ్చాడు. అమ్మ అది తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. ఆయన అందులో అమ్మ పేరు ఇంటిపేరుతో సహా పైకి చదివాడు. పెళ్ళయినప్పటి నుంచి ఏమే, ఇదిగో అని పిలవడమే గాని, ఆయన నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు. చాచా మనామా బజారుకి వెళ్ళి కిలో హల్వా తెచ్చి, గోడ క్షేమంగా ఉందని అందరికీ పంచాడు.

జనవరి మొదటి సెలవురోజున మేడం కొత్తిల్లు చూడటానికి జల్లాఖ్ వెళ్ళాం. పాత చిన్న కారు, అమ్మ చేతుల్లో స్టీరింగ్, పక్కన నాన్న, వెనక నేను. వెళ్ళేటప్పుడు నాన్న దారి పొడుగునా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి మోకాళ్ళ మీద, ఒకసారి తలుపు మీద పెట్టుకున్నాడు. అక్కడ పిల్లాడు ఇసకలో పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మ కాళ్ళకి చుట్టుకున్నాడు. అమ్మ డబ్బాలో పప్పన్నం తెచ్చింది. సముద్రం గాలికి మెతుకుల్లోకి ఇసక పడ్డా వాడు ఒక్క ముద్ద వదల్లేదు.

అమ్మ ఆ తోవలో అయిదేళ్ళు తిరిగింది. తర్వాత మేడం వాళ్ళు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. చుక్కల పిల్ల అంతకు ముందే ఎటో వెళ్ళింది, రెండు ఉత్తరాలు రాసింది, ఆగిపోయింది. చాచా ఇంటికి వెళ్ళాడు. మేమూ వచ్చేశాం. ఆ బళ్ళో చదివిన రసాయనశాస్త్రం, అమెరికా చరిత్ర దాదాపు మర్చిపోయాను. నిలబడకుండా జవాబు చెప్పడం మాత్రం మిగిలింది.

ఎప్పుడైనా ఆ రోజులు తలుచుకుంటే అన్నిటికన్నా ముందు కళ్ళముందుకొచ్చేది జల్లాఖ్ నుంచి తిరుగు ప్రయాణం. సాయంత్రం ఎండ పసుప్పచ్చగా పక్క నుంచి పడుతోంది. రోడ్డు ఖాళీగా ఉంది. కాసేపటికి నాన్న కాళ్ళు కదపడం ఆగిపోయింది. తల కిటికీకి ఆనుకుంది. చిన్నగా గురక వినిపించింది. లారీల మీద, బస్సుల మీద జీవితమంతా మేలుకుని కూర్చున్న మనిషి, పగటిపూట, కదులుతున్న బండిలో, నిద్రపోయాడు. నేను ఆయన్ని తట్టబోతే అమ్మ అద్దంలో చూసి వద్దని తల ఊపింది. కారు వేగం కొంచెం తగ్గించింది. ఆయన లేస్తాడేమోనని, ఇల్లు వచ్చాక కూడా ఆపకుండా మా వీధి చుట్టూ ఇంకో రెండుసార్లు తిప్పింది.